గుమ్మం దాటని పింఛను

చిలకలపూడిలో కార్తీకం. తెల్లవారకముందే జనం పాండురంగడి గుడి వైపు కదిలారు. తిరనాళ్ళ మైకు వీధి చివరిదాకా వినబడుతోంది. గిల్టు పనివాళ్ళ వీధిలో మాత్రం ఒకటో తారీఖు ఒకటో తారీఖే. వార్డు సచివాలయం ఉద్యోగి ఫోనూ వేలిముద్ర మిషనూ పట్టుకుని వచ్చాడు. ఎదురింటి గుమ్మంలో నిలబడి “అబ్బాయి ఇంకా రాలేదామ్మా?” అని అడిగి, ఫోనులో ఏదో నొక్కి పక్కింటికి వెళ్ళిపోయాడు.

ఎదురింటి కుర్రాడికి చిన్నప్పుడు పోలియో వచ్చి ఎడమ కాలు సన్నబడిపోయింది. సదరం సర్టిఫికెట్లో వైకల్యం 40 శాతం దాటింది కాబట్టి నెలకు 6,000 రూపాయల పింఛను వస్తుండేది. గిల్టు నగలకు అతుకులు పెట్టుకుంటూ ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాడు. ఆగస్టులో దుబాయిలో నగల ప్యాకింగు పని దొరికి వెళ్ళాడు.

ఈ తతంగమంతా ఇవతలి అరుగు మీద నుంచి ఇద్దరు చూశారు. ఒకాయన బందరు ట్రెజరీలో 33 ఏళ్ళు బిల్లులు పాసు చేసి రిటైరైన పెద్దమనిషి. రెండో ఆవిడ ఆయన అన్నగారి కూతురు, డాలస్‌లో ఫిజియోథెరపిస్టు, సెలవుకు వచ్చింది. కాఫీ గ్లాసులు చల్లారిపోయేదాకా ఇద్దరూ పట్టు విడవలేదు.

బాబాయి: అయిపోయిందమ్మా. ఇవాళ్టితో మూడోది. ఒక నెల లేకపోతే మరుసటి నెల కలిపి ఇస్తారు. రెండు నెలలు లేకపోయినా మూడో నెల మొత్తం చేతిలో పెడతారు. వరసగా మూడు నెలలూ మనిషి కనబడకపోతే వలస వెళ్ళాడని రాసుకుంటారు. పింఛను ఆగిపోతుంది.

అమ్మాయి: వలస వెళ్ళాడని రాసుకుంటే కాలు బాగయిపోతుందా బాబాయ్?

బాబాయి: ఇదేం ప్రశ్న?

అమ్మాయి: సదరం కాగితంలో డాక్టర్లు రాసింది కాలు గురించి కదా, ఊరి గురించి కాదుగా? ఆ కాలు విమానం ఎక్కి వాడితోపాటే వెళ్ళింది. దాని పేరు మీద ఇచ్చే డబ్బు మాత్రం గుమ్మంలోనే ఆగిపోయింది.

బాబాయి: ఆ డబ్బు కాలికి ఖరీదు కాదమ్మా. కాలికి ఖరీదు కట్టడం మొదలెడితే కాలు సరిగా లేని కోటీశ్వరుడికీ ఇవ్వాలి. ఇక్కడ ఉండి, ఇక్కడి సంపాదనతో గడవనివాడికి ఇచ్చే ఆసరా అది. మన వీధినే చూడు. కవరింగు గాజులు కొంటే గ్యారంటీ చీటీ ఇస్తారు. నలుపెక్కితే కొన్న కొట్టుకే తెచ్చుకోవాలి. ఆ చీటీ పట్టుకుని చెన్నైలో ఇంకో కొట్టుకు వెళ్ళి పూత వేసి పెట్టమంటే నవ్వి పంపిస్తాడు.

అమ్మాయి: గాజులు కొన్న కొట్టు ఒకటే. వీడు పుట్టిన దేశం కూడా ఒకటేగా? వీడు ఇంకో కొట్టుకు వెళ్ళి అడగడం లేదు. దుబాయి వాళ్ళని పింఛను పెట్టమనడం లేదు. మన కొట్టునే అడుగుతున్నాడు.

బాబాయి: దుబాయిలో జీతం తీసుకుంటూ మరీ అడుగుతున్నాడు.

అమ్మాయి: అయితే జీతం చూసి ఆపండి. మనిషి లేడని ఎందుకు ఆపడం? రెండూ ఒకటి కాదుగా.

బాబాయి: చూసేదెవరు? నేను ట్రెజరీవాణ్ణి, నాకు తెలిసిన సంగతి చెబుతాను విను. ఇక్కడ ఒక కుటుంబం సంగతి తేల్చడానికి సర్కారుకి ఆనవాళ్ళు ఉన్నాయి. కరెంటు మీటరు 300 యూనిట్లు దాటిందా, నాలుగు చక్రాల బండి ఉందా, పొలం ఎంత, ఇంట్లో ఎవరైనా ఆదాయపు పన్ను కడుతున్నారా, ఇవన్నీ కంప్యూటరే చెబుతుంది. దుబాయి జీతం చూడటానికి ఆ కుర్ర ఉద్యోగికి ఏ కిటికీ ఉంది? గుమ్మంలో మనిషి కనబడటమే వాడి చేతిలో ఉన్న రుజువు. ఎనిమిది లక్షల మందికి ఆరేసి వేలనుకో, నెలకు 480 కోట్లు. అంత సొమ్ము చేతులు మారేచోట గుమ్మం కూడా చూడకపోతే చచ్చినవాడి వేలిముద్రకూ డబ్బులు పడతాయి. దొంగ సర్టిఫికెట్లున్నాయని ఈ మధ్య మళ్ళీ పరీక్షలు పెట్టించారు, తెలుసుగా?

అమ్మాయి: తెలుసు. ఆ పరీక్షల కోసం మంచం మీదున్నవాళ్ళని ఆటోల్లో ఎత్తుకెళ్ళడం కూడా తెలుసు. దొంగని పట్టడానికి పెట్టిన తాళం దొరని కూడా బయటే నిలబెడుతోంది. సరే, అది అలా ఉంచండి. మిమ్మల్ని ఒకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకూడదు.

బాబాయి: అడుగు.

అమ్మాయి: పోయినేడు మీరూ పిన్నీ వచ్చి మా దగ్గర ఆరు నెలలు ఉన్నారు. మీ పెన్షను ఆగిందా?

బాబాయి: నాదెందుకు ఆగుతుంది?

అమ్మాయి: వీడిది మూడు నెలలకే ఆగిందిగా. మిమ్మల్ని ఎవరైనా గుమ్మంలో నిలబడి చూశారా? ఏడాదికోసారి లైఫ్ సర్టిఫికెట్. అదీ ఇప్పుడు ఫోనులో మొహం చూపిస్తే సరిపోతోంది. మీరు బతికి ఉన్నారనడానికి కెమెరా చాలు. వాడు బతికి ఉన్నాడనడానికి వాడి వేలు చిలకలపూడిలోనే ఉండాలా?

బాబాయి: (కాసేపు మాట్లాడలేదు) అమ్మాయ్, రెండింటికీ పోలికేమిటి? నాది సర్వీసు పెన్షను. ముప్ఫై మూడేళ్ళు చేసిన నౌకరీకి ఆగిన జీతం లాంటిది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పిందే అది. పెన్షను ప్రభుత్వం పెట్టే భిక్ష కాదు, యజమాని బుద్ధి పుడితే ఇచ్చేదీ కాదు. అందుకే ఏటా ఆ రోజున మేం పెన్షనర్స్ డే చేసుకుంటాం.

అమ్మాయి: మీ పెన్షను భిక్ష కాదు. వాడిది?

బాబాయి: వాడిది భిక్ష అని నేననలేదు.

అమ్మాయి: అననక్కర్లేదు, రూలే అంటోంది. హక్కయితే మనిషి వెంట వెళ్తుంది. దయయితే ఇచ్చేవాడి గుమ్మం దగ్గరే ఉంటుంది, వచ్చి పుచ్చుకోవాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం పేరులోనే హక్కులు అని ఉంది. వికలాంగులకిచ్చే సాయం అలాంటి పథకాల్లో మిగతావాళ్ళకిచ్చే దానికన్నా కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలని ఆ చట్టమే చెప్పింది.

బాబాయి: ఆ చట్టంలోనే, అదే సెక్షన్లో, ప్రభుత్వం తన ఆర్థిక స్తోమత మేరకు అని కూడా ఉంది. దాన్ని వదిలేసి చదవకు. స్తోమత అన్న మాట పడ్డాక హక్కు కూడా ఖజానా మొహం చూసే నడుస్తుంది. ఇది మన దగ్గరే కాదు. మీ అమెరికాలో మాత్రం ఊరు దాటితే ఇస్తారా? చెప్పు, నువ్వు రోజూ చూస్తావుగా.

అమ్మాయి: ఇస్తారు, ఇవ్వరు. రెండూ ఉన్నాయి. ఎస్‌ఎస్‌ఐ అని ఒకటుంది. బీదవాళ్ళైన వికలాంగులకీ ముసలివాళ్ళకీ పన్నుల సొమ్ములోంచి ఇస్తారు. వరసగా 30 రోజులు దేశం దాటితే ఆగిపోతుంది. తిరిగి వెళ్ళి మళ్ళీ 30 రోజులు అక్కడ ఉంటే కానీ మొదలవదు.

బాబాయి: మూడు నెలలు కూడా కాదు, 30 రోజులే! చూశావా, మనవాళ్ళే నయం.

అమ్మాయి: మొత్తం వినండి. రెండోది ఎస్‌ఎస్‌డీఐ. అది జీతంలోంచి కోసిన సొమ్ము. ప్రతి జీతంలో 6.2 శాతం సోషల్ సెక్యూరిటీకి పోతుంది, యజమానీ అంతే కడతాడు. పనిచేయలేని స్థితికి వస్తే నెలనెలా ఇస్తారు. అది దేశం దాటుతుంది. అమెరికా పౌరుడు కాకపోయినా, పదేళ్ళు పని చేసి 40 క్రెడిట్లు కూడబెట్టిన భారతీయుడికి, ఇక్కడ బందరులో కూర్చున్నా వస్తుంది. మన దేశంలో ఉన్నవాళ్ళ వ్యవహారం మనీలాలోని అమెరికా రాయబార కార్యాలయం చూస్తుంది. వాళ్ళు అప్పుడప్పుడూ ఒక ప్రశ్నల కాగితం పంపుతారు. అది నింపి పంపితే సరి. మీ లైఫ్ సర్టిఫికెట్ లాగే.

బాబాయి: అంటే కట్టినవాడిది దాటుతుంది, కట్టనివాడిది దాటదు. నేను చెప్పిందీ అదేగా! ఇంగ్లండులో కూడా ఇంతే అయుంటుంది.

అమ్మాయి: చాలావరకూ. అక్కడ పిప్ అని వైకల్యానికి ఇచ్చే భృతి ఉంది. ఎవరూ చందా కట్టేది కాదు. తాత్కాలికంగా బయటికి వెళ్తే 13 వారాల వరకూ ఇస్తారు. వైద్యం కోసం వెళ్తే 26 వారాలు. ఆ తర్వాత ఆపేస్తారు. ఇంకో చిత్రం చెప్పనా? ఇక్కడి నుంచి వర్కు వీసా మీద ఇంగ్లండు వెళ్ళిన మన పిల్లలు ఆరోగ్య సర్‌చార్జీ కింద మనిషికి ఏడాదికి 1,035 పౌండ్లు ముందే కట్టాలి. అక్కడి పన్నులూ కట్టాలి. అయినా ఆ పిప్ అడగడానికి వీల్లేదు. వీసా మీదే రాసి ఉంటుంది, ప్రజాధనం ముట్టుకోకూడదని.

బాబాయి: ఆసుపత్రి అయినా చూస్తారా?

అమ్మాయి: అది చూస్తారు. అక్కడ ఉన్నన్నాళ్ళూ.

బాబాయి: అదిగో, అక్కడికే వస్తున్నాను. డబ్బు సంగతి వేరు, వైద్యం సంగతి వేరు. డబ్బుకి కాళ్ళున్నాయి, బ్యాంకు మీటనొక్కితే వెళ్తుంది. ఆసుపత్రి ఇటుకల కట్టడం, ఉన్నచోటే ఉంటుంది. మన ఎన్టీఆర్ వైద్యసేవ సంగతి చూడు, అదే పాత ఆరోగ్యశ్రీ. ఫలానా ఆపరేషనుకి ఫలానా ప్యాకేజీ అని ఆసుపత్రులతో రేట్లు ముందే మాట్లాడుకుంటారు. ఆ జాబితాలో ఉన్న ఆసుపత్రికే బిల్లు పాసవుతుంది. డాలస్ ఆసుపత్రితో మన ట్రస్టు ఏం రేటు మాట్లాడుతుంది? అక్కడ ఒక రాత్రి మంచం ఖర్చుతో ఇక్కడ ఓ ఆపరేషనే అయిపోతుంది. అది దయా హక్కా అన్న తర్కం కాదమ్మా, లెక్క.

అమ్మాయి: ఆ లెక్క మీ ఒంటి మీదికే వచ్చింది కదా. డాలస్ విమానం ఎక్కేటప్పుడు మీ సూట్‌కేసులో సగం మాత్రలే. ఆరు నెలల బీపీ, ఆరు నెలల షుగరు. హెల్తు కార్డుకి మీ పెన్షనులో నెలనెలా కోత పడుతూనే ఉంది. ఆ కార్డు మాత్రం మా ఇంట్లో అలమారలో పడుంది.

బాబాయి: పడుంది. మీ పిన్ని పంటినొప్పికి లవంగాలతో వారం గడిపింది. నువ్వు కొనిపెట్టిన విజిటర్ ఇన్సూరెన్సు పాత జబ్బులు చూడదంది. మనిషికి అరవై దాటాక పాతది కాని జబ్బేముంటుంది?

అమ్మాయి: చూశారా, చందా కట్టినా మీ వైద్యం దాటలేదు. అమెరికా మెడికేర్ కూడా అంతే. జీతంలో 1.45 శాతం కోస్తారు. దేశం దాటితే దాదాపు ఏమీ రాదు. దీని మధ్య నలిగిపోయే కుటుంబాలు నాకు తెలుసు. పక్షవాతం వచ్చిన మనిషి ఒకాయన, గుడివాడ వైపు వాళ్ళు. నెలనెలా ఎస్‌ఎస్‌డీఐ వస్తుంది. ఆ డబ్బుతో గుడివాడలో ఇల్లు తీసుకుని, ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని, అయినవాళ్ళ మధ్య బతకొచ్చు. డాలస్‌లో అదే డబ్బుకి రోజుకి రెండు గంటలు మనిషి రావడం కష్టం. కానీ మెడికేర్ మొదలవడానికే ఎస్‌ఎస్‌డీఐ వచ్చిన దగ్గర్నుంచి రెండేళ్ళు ఆగారు. దాన్ని వదిలి ఎలా వస్తారు? డబ్బు పద ఇంటికి అంటుంది, వైద్యం కదలొద్దు అంటుంది. నేను వారానికి రెండుసార్లు వెళ్ళి ఆయన చెయ్యి లేపిస్తుంటాను. లేపినప్పుడల్లా ఊరికి ఎప్పుడు వెళ్దాం అంటాడు.

బాబాయి: పాపం. పిల్లల సంగతి ఇంకా కష్టమై ఉంటుంది.

అమ్మాయి: ఆటిజం ఉన్న పిల్లలున్న మనవాళ్ళు చాలామంది అందుకే తిరిగి రారు. అక్కడ 1975 నుంచి చట్టం ఉంది. బడే అన్నీ చూస్తుంది, స్పీచి థెరపీతో సహా, డబ్బు తీసుకోకుండా. తల్లిదండ్రులది ఏ వీసా అని అడగరు. పిల్లవాణ్ణి తీసుకుని స్వదేశం వచ్చేస్తే అవన్నీ వదులుకోవాలి. వాళ్ళకి సొంత ఊరే పరదేశం అయిపోయింది బాబాయ్.

బాబాయి: ఇందాక పదేళ్ళు, 40 క్రెడిట్లు అన్నావు. ఎనిమిదేళ్ళు పనిచేసి, వీసా అయిపోయి వచ్చేసినవాడి సంగతేమిటి? కోసిన 6.2 శాతం తిరిగిస్తారా?

అమ్మాయి: ఇవ్వరు.

బాబాయి: ఇవ్వరంటే?

అమ్మాయి: ఇవ్వరంటే ఇవ్వరు. మన దేశానికీ అమెరికాకీ సోషల్ సెక్యూరిటీ ఒప్పందం లేదు. ఉంటే ఇక్కడి సర్వీసూ అక్కడి సర్వీసూ కలిపి లెక్కపెట్టే వీలుండేది. బెల్జియంతో 2009 నుంచి ఉంది, అదే మొదటిది. ఆస్ట్రేలియాతో, జపానుతో 2016 నుంచి, జర్మనీతో 2017 నుంచి పెద్ద ఒప్పందమే ఉంది. మనవాళ్ళు ఎక్కువగా ఉన్న అమెరికాతో లేదు. గల్ఫు దేశాల్లో ఒక్కదానితోనూ లేదు.

బాబాయి: ఎనిమిదేళ్ళ సొమ్ము మింగేస్తారా? ట్రెజరీలో అలాంటి పద్దు చూస్తే నేను ఎర్రసిరాతో ఆబ్జెక్షను రాసేవాణ్ణి! పని చేసిన ఏడాది పని చేసిన ఏడాదేనమ్మా. అది ఏ దేశంలో చేస్తేనేం?

అమ్మాయి: ఈ మాట పొద్దున మీ నోటి నుంచి రాలేదు బాబాయ్. పొద్దున, ఇక్కడ ఉంటేనే ఇస్తాం అన్నారు.

బాబాయి: నేను మాట మార్చలేదు. కట్టినదాని గురించి అంటున్నాను. బంగారం వేరు, గిల్టు వేరు. బంగారం ఏ ఊళ్ళో అయినా గీటురాయి మీద గీసి తూచి తీసుకుంటారు, కొన్న కొట్టు అడగరు. చందా కట్టిన ఏళ్ళు బంగారం. ఉచిత పింఛను గ్యారంటీ చీటీ.

అమ్మాయి: బాగుంది. మరి ఈ వీధిలో వాళ్ళకి బంగారం ఎక్కడిది? ఎదురింటివాడు పదహారో ఏట నుంచి టంకం పెడుతున్నాడు. గ్రోసుకి ఇంతని కూలి. పీఎఫ్ కోసినవాడు లేడు. పీఎఫ్ ఉన్న ఉద్యోగమైతే ఒక్క నెల చందా కట్టాక పూర్తిగా వికలాంగుడైనా 1995 పెన్షను పథకంలో పెన్షను వస్తుంది. వీడికి ఆ ఒక్క నెలా లేదు. దుబాయిలోనూ పరాయి దేశంవాడికి పెన్షను ఉండదు, సర్వీసు లెక్కన ఆఖర్న గ్రాట్యుటీ ఇచ్చి పంపుతారు. యజమాని హెల్తు ఇన్సూరెన్సు తప్పకుండా చేయించాలన్నది మాత్రం 2025 జనవరి నుంచి ఎమిరేట్లన్నిటికీ వచ్చింది. అక్కడ ఉన్నన్నాళ్ళూ ఆ కార్డు. తిరిగి వచ్చిన రోజున వాడికి అక్కడి ఏళ్ళూ లేవు, ఇక్కడి పింఛనూ లేదు. కట్టలేదని అంటున్నారు. కట్టించుకున్నవాడు ఎవడు?

బాబాయి: బీమా ఉంటుందిగా, గల్ఫు వెళ్ళేవాళ్ళకి? ప్రవాసీ భారతీయ బీమా. పది లక్షలు.

అమ్మాయి: ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా వికలాంగుడైనా పది లక్షలు. ప్రీమియం రెండేళ్ళకి 275 రూపాయలు, మూడేళ్ళకి 375. మంచిదే. కానీ తప్పనిసరి ఎవరికి? ఈసీఆర్ పాస్‌పోర్టు వాళ్ళకి. అంటే పది పాస్ కానివాళ్ళకి. మనవాడు పది పాసయ్యాడు, అందుకని ఎమిగ్రేషను క్లియరెన్సు అక్కర్లేదన్నారు. క్లియరెన్సు అక్కర్లేదంటే బీమా అడిగేవాడూ లేడు. చదువుకున్న పాపానికి బీమా పోయింది. విజిట్ వీసా మీద వెళ్ళి అక్కడ పనిలో చేరినవాడికీ అంతే.

బాబాయి: రాష్ట్రం వాళ్ళది కూడా ఒకటుంది, ప్రవాసాంధ్ర భరోసా. అదీ పది లక్షలే.

అమ్మాయి: ఉంది. ఎవరికి వారు చేరాలి. ఏజెంటు చెప్పడు, వాడికి అందులో కమీషను లేదు. అవనిగడ్డ వైపు ఒకాయన కువైట్లో సారవ మీంచి పడి నడుం విరిగి వచ్చాడు. పాలసీ ఉందో లేదో ఇంట్లో ఎవరికీ తెలియదు, కాగితాలన్నీ ఏజెంటు దగ్గరే ఉండిపోయాయి. పది లక్షల బీమా ఉండీ లేనట్టే. తెలంగాణలో గల్ఫులో చనిపోయినవాళ్ళ కుటుంబానికి అయిదు లక్షలు ఇస్తున్నారు. చనిపోయినవాడికి లెక్క ఉంది. నడుం విరిగి బతికొచ్చినవాడికి?

బాబాయి: అయితే నీ కోరికేమిటి? దుబాయిలో ఉన్నవాడికీ ఇక్కణ్ణుంచి ఆరు వేలు పంపమంటావా?

అమ్మాయి: నిజం చెప్పమంటే, అవును. పన్నెండు వందల దిర్హాముల జీతంలో గది అద్దె పోను, మెస్సు పోను, అమ్మకి పంపేది పోను, వాడి కాలికి కట్టే క్యాలిపరు మార్చుకోవడానికి మిగిలేదెంత? కాలు సరిగా ఉన్నవాడికి ఆ ఖర్చు లేదుగా. వాడు నడవడానికి పెట్టే ఖర్చు వాడు ఎక్కడ నడిచినా ఉంటుంది.

బాబాయి: నేను ఒప్పుకోను. చిలకలపూడిలో కదల్లేక మంచం మీద ఉన్న ముసలమ్మ పళ్ళెంలోంచి తీసి దుబాయి పంపలేను. స్తోమత ఇంతేనమ్మా. కానీ ఒకటి చెబుతాను విను. కేరళవాళ్ళు 2008లోనే చట్టం చేసి ప్రవాసుల సంక్షేమ బోర్డు పెట్టుకున్నారు. విదేశంలో ఉన్నవాడు నెలకు 350 కడితే, కనీసం అయిదేళ్ళు కట్టినవాడికి అరవై నిండాక నెలకు 3,500 పెన్షను. వికలాంగుడైపోతే దానికీ అందులో దారి ఉంది. అది బంగారం చేసుకునే పద్ధతి. మన గల్ఫువాళ్ళకి అలాంటిది పెట్టమని అడుగు, నేను ముందు సంతకం పెడతాను. కట్టించుకున్నవాడు ఎవడు అన్నావే, ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. కట్టించుకునే చెయ్యి ఉండాలి.

అమ్మాయి: అది ఎప్పటికో. వాడి మాటేమిటి, ఎదురింటివాడిది?

బాబాయి: వాడి మాట... సర్వీసు పెన్షనరు లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వకపోతే మేం ఏం చేస్తామో తెలుసా? పెన్షను ఆపుతాం. పేరు కొట్టేయం. మనిషి వచ్చి కాగితం ఇస్తే ఆ నెల నుంచే మొదలెడతాం, ఆగినదీ ఇస్తాం. వీడికి ఆగినది ఇవ్వొద్దు, వాడప్పుడు సంపాదిస్తున్నాడు. కానీ తిరిగి వచ్చిన రోజున మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ సదరం స్లాటు, మళ్ళీ ఆసుపత్రి దగ్గర క్యూ ఎందుకు? పోలియో కాలు దుబాయిలో పెరగదుగా. పూత పోయిన నగని ఎవడూ కరిగించెయ్యడు, మళ్ళీ పూత వేస్తాడు.

అమ్మాయి: ఇది సగమే బాబాయ్.

బాబాయి: సగమే. మిగతా సగానికి నువ్వు వచ్చే కార్తీకానికి వచ్చి పోట్లాడు. ఆ కాగితం ఇలా ఇయ్యి, అర్జీ రాస్తాను. కొడుకు రాయించాడని వాళ్ళమ్మ చేత ఇప్పిద్దాం.

ఆయన కళ్ళజోడు సవరించుకుని తెల్లకాగితం మీద ఎడమ పక్క మార్జిను మడిచి రాయడం మొదలెట్టారు. ట్రెజరీ చేతిరాత, అక్షరానికి అక్షరం ఎడంగా. “మా కుమారుడు ఉపాధి నిమిత్తం తాత్కాలికంగా విదేశం వెళ్ళినందున, అతని వికలాంగ పింఛనును రద్దు చేయక, తిరిగి వచ్చువరకు నిలుపుదలలో మాత్రమే ఉంచవలసిందిగా, తమరు దయతలచి...”

అమ్మాయి: బాబాయ్.

బాబాయి: ఏమ్మా?

అమ్మాయి: నకారా కేసు మీరే చెప్పారు. మళ్ళీ దయ అంటున్నారేంటి?

బాబాయి: అది అర్జీ భాష తల్లీ. ముప్ఫై మూడేళ్ళు నా బల్ల మీదికి వచ్చిన ప్రతి కాగితంలోనూ ఆ మాట ఉంది. లేకపోతే టపాలో తీసుకునేవాడు కూడా ఎగాదిగా చూస్తాడు.

అమ్మాయి: మీ పెన్షను కాగితాల్లో మీరు రాశారా?

ఆయన కలం ఆగింది. గుడి వైపు నుంచి భజన గట్టిగా వినబడింది. ఎదురింటి తల్లి గుమ్మంలోకి వచ్చి, అర్జీ అయిందా అన్నట్టు ఇటు చూసింది. ఆయన “దయతలచి” అన్న మాట మీద ఒక గీత గీశారు. ఎర్రసిరా కాదు, మామూలు నీలం సిరాయే. కొట్టివేత పక్కన, ట్రెజరీ అలవాటు కొద్దీ, పొట్టి సంతకం పెట్టబోయి, అర్జీ తనది కాదని గుర్తొచ్చి, కలం ఆమె చేతికిచ్చి ఎదురింటికి పంపారు.